కళ్ళజోడు లేని వంశం

మా అమ్మాయికి ఒకటో తరగతిలో మైనస్ ఏడు వచ్చింది. మార్కులు కాదు, కళ్ళ పవరు. బోర్డు మీది అక్షరాల కోసం మాటిమాటికీ లేచి వెళ్తోందని టీచరు కబురు పెడితే, మేం అత్తవారితో కలిసి ఉంటున్న విజయనగరంలోనే ఒక కంటి డాక్టరమ్మకు చూపించాం. కనుగుడ్డు ఉండాల్సిన దానికంటే పొడుగ్గా పెరిగిందని, అందుకే దూరంగా ఉన్నవి మసకగా కనిపిస్తున్నాయని ఆవిడ చెప్పింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది.

మా ఆవిడా, అత్తగారూ నా వైపు చూశారు. సోడా సీసా అడుగుల్లాంటి అద్దాల వెనక నుంచి నేనూ వాళ్ళను చూశాను.

మా సొంతూరు ఆమదాలవలస. మావాళ్ళలో కళ్ళజోడు చేతి గడియారం లాంటిది, కాస్త వయసు రాగానే కొనిస్తారు. మా ఇంటి గ్రూపు ఫోటోలో మొహాల కంటే అద్దాల మీద పడిన ఫ్లాష్ వెలుగే ఎక్కువ. కాబట్టి నా నేరం రుజువు కావడానికి వాయిదాలు అవసరం పడలేదు.

"మా వంశంలో కళ్ళజోడన్నదే నేదు బాబూ," అన్నారు అత్తగారు, తీర్పు చదువుతున్నట్టు. "మీ మావయ్యని సూడండి. డెబ్బై దాటినా జోడు నేకుండా పేపరు సదువుతారు."

మావయ్యగారు వయొలిన్ మాస్టారు. కళ్ళు మూసుకుని వాయిస్తారు, కళ్ళు మూసుకునే శిష్యుల తప్పులు పడతారు. వీధిలో ఎవరు నమస్కారం పెట్టినా తిరిగి పెట్టరు. ఇంట్లో దాన్ని గాంభీర్యం అనేవారు, వీధిలో పొగరు అనేవారు. ఎదురింటాయన ఒకప్పుడు ఆయనకు మంచి స్నేహితుడట. ఏదో పెళ్ళిలో చెయ్యి ఊపితే చూసి కూడా వెళ్ళిపోయారని మాటలు మానేశాడు. మావయ్యగారేమో అతను ఆ పెళ్ళికి రానేలేదని ఏళ్ళ తరబడి నొచ్చుకుంటున్నారు.

ఇవన్నీ పెద్దవాళ్ళ సరదాలు. చిక్కల్లా పిల్లతో వచ్చింది. ఈ వయసులో కళ్ళు స్పష్టంగా చూడకపోతే మెదడు చూడటమే నేర్చుకోదని, ఆ తర్వాత ఎంత మంచి జోడు పెట్టినా చూపు పూర్తిగా రాకపోవచ్చని డాక్టరమ్మ మరీ మరీ హెచ్చరించింది. మా అమ్మాయి మాత్రం జోడు పెట్టుకోదు. వెతికితే ఒకసారి బియ్యం డబ్బాలో, ఒకసారి తాతగారి వయొలిన్ పెట్టెలో దొరికింది. బతిమాలాం, జడిపించాం, చాక్లెట్లతో లొంగదీయాలని చూశాం. దాని జవాబు ఒకటే: తాత పెట్టుకోడు కదా. తాతగారు అది విని మురిసిపోయారు.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ తాతగారి సంగతి చెప్పి మొరపెట్టుకున్నాను. పేపరు ఎంత దూరంలో పట్టుకుంటారని అడిగిందావిడ. మా ఆవిడ నిజాయితీపరురాలు. అరచెయ్యి తెచ్చి ముక్కుకి ఆనించి చూపించింది. ఆ వయసులో చత్వారం జోడు లేకుండా పేపరు చదవగలగడమే అనుమానించాల్సిన విషయమని, ఆయన్నోసారి తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. అంటే వాళ్ళ వంశం ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నది రోగలక్షణాన్ని.

పరీక్షకు రమ్మంటే మావయ్యగారు రారు. వంశగౌరవానికి సాక్ష్యం చెప్పాలంటే బయల్దేరారు, ఇస్త్రీ పంచె, జరీ కండువాతో సహా. డాక్టరమ్మ ఎదురుగా వేలాడుతున్న అక్షరాల అట్ట చూపించి చదవమంది. ఆయన చాలా మర్యాదగా చెయ్యి చాపారు.

"ఆ కాయితం ఇలాగియ్యమ్మా, సదువుతాను."

గదిలో ఎవరూ నవ్వలేదు. నేను అసలు నవ్వలేదు. అల్లుణ్ణి కదా.

ఆవిడ ఆయన ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ వెళ్ళింది. మైనస్ ఆరు దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు. అట్టను చూశారు, గోడ గడియారాన్ని చూశారు, తన మోకాలికి ఆనుకుని నిలబడ్డ మనవరాలిని వదిలేసి గుమ్మం దగ్గరున్న కూతుర్ని చాలాసేపు చూశారు.

"మీకందరికీ ఇలాగే కనపడతాదేటి?" అన్నారు.



ఇంతకీ పిల్లకి ఇది ఎవరి వైపు నుంచి వచ్చినట్టని అత్తగారు నిలదీశారు. ఇది ఒక్క జన్యువు పని కాదని, చిన్నా చితకా జన్యువులు చాలా ఉంటాయని, రెండు వైపుల నుంచీ కొన్ని కొన్ని పోగుపడతాయని, ఎండలో ఆడకుండా ఇంట్లో కూర్చుంటే అదీ తోడవుతుందని చెప్పింది డాక్టరమ్మ. మా ఆవిడకు జోడు లేకపోయినా తండ్రి వాటాను కూతురికి చేరవేసి ఉండొచ్చట. నా నేరంలో సగం కొట్టేశారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు, నేనూ ఆశించలేదు.

కొత్త జోడుతో మావయ్యగారు ఆటో దిగుతూనే ఎదురింటి అరుగు మీద ఉన్నాయనకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. ఆ పెద్దమనిషి సాయంత్రం దాకా ఆలోచించి, మా గుమ్మంలోకి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"మాస్టారికి ఒంట్లో బాగానే ఉన్నాదా బాబూ?"

నిజానికి బాగాలేదు. మావయ్యగారికి ఇంట్లో బూజులు కనిపించడం మొదలైంది. అత్తగారికి మనశ్శాంతి పోయింది. ఆయనకూ ముక్కు మీద బరువు నచ్చక, రెండో రోజే జోడు తీసి పక్కన పెట్టబోయారు. తాతను చూసి తనూ జోడు పెట్టుకుని ఎదురుగా కూచున్న మనవరాలు, అయితే నేనూ తీసేస్తానన్నట్టు తన జోడు మీద చెయ్యి వేసింది. ఆయన గబుక్కున మళ్ళీ పెట్టేసుకున్నారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఒకళ్ళకొకళ్ళు కాపలా.

ఆ సాయంత్రమే మావయ్యగారు వయొలిన్ అందుకుని, అలవాటుగా కళ్ళు మూసుకున్నారు. ఎలాగూ చూడటం లేదు కదా అని చెయ్యి జోడు మీదికి పోయింది.

"తాతా," అంది మా అమ్మాయి.

ఆయన చెయ్యి దించేసి, జోడు వెనక కళ్ళు మూసుకుని వాయించారు.