అంచు పెట్టిన నంబర్ ప్లేటు

ఆ రోజుల్లో బండి కొన్నంత మాత్రాన బండి మనదయ్యేది కాదు. దాని ముందూ వెనకా మనకు నచ్చినట్టు నంబరు రాయించుకుంటేనే మనదయ్యేది. ఇప్పుడంటే మిషన్ల మీద అచ్చుగుద్దిన రేకులు వస్తున్నాయి. కలెక్టరు కారుకైనా కూరగాయలు మోసే మోపెడ్‌కైనా అవే అక్షరాలు. నేను చెప్పేది తొంభైల మొదట్లో సంగతి. కొత్తకోటలో, హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే రోడ్డు మీద, బస్టాండుకు ఎదురుగా ఒక రేకుల డబ్బాలో పెయింటింగ్ కొట్టు పెట్టుకున్నాను. మాది నేత కుటుంబం. బాపు, ఇద్దరన్నలు మగ్గం మీదే ఉండేవాళ్లు. నాకు మాత్రం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుంటే అరగంటకే తిమ్మిరెక్కేది. అందుకని మగ్గం దిగి కుంచె పట్టాను. దీన్ని మా వాడలో చెడిపోవడం అనేవారు.

పని నేర్పిన ఉస్తాదును ఊరంతా పెయింటర్ చాచా అనేవారు. ఆయన నాకు మొదటి రోజే చెప్పాడు: "చూడు బేటా, బండి నంబర్ అంటే సీదా రాయాలె. నీ హునర్, నీ చేతి కళ చూపియ్యనీకి పాన్‌డబ్బాలున్నయి, సిన్మా బోర్డులున్నయి. బండి మీద చూపియ్యకు." నేను బుద్ధిగా తలూపాను. కానీ కొట్టుకు వచ్చేవాళ్లు తలూపాలి కదా. ఒక సర్పంచు తన జీపు మీద నంబరు కంటే సర్పంచ్ అన్న మాట పెద్దగా ఉండాలన్నాడు, రాశాను. తర్వాత ఎన్నికల్లో ఓడిపోయి వచ్చి దాని ముందు 'మాజీ' చేర్చమన్నాడు. చోటు లేదంటే నంబరును జర పక్కకు జరపమన్నాడు. జరిపాను. ఆ నంబరు చదవాలంటే జీపు పక్కన గొంతుక్కూర్చోవాల్సి వచ్చేది. (ఆయన నన్ను మెచ్చుకొని టీ తాగించాడు. కళాకారుడికి అంతకన్నా ఏం కావాలి.)

ఇట్లా సాగుతుండగా మా మేనమామ కారు కొన్నాడు. మామను వాడలో అంచు మామ అనేవాళ్లు. సొంతంగా మగ్గాలు నడిపించి పట్టుచీరలు నేయించేవాడు. ఏ చీర చూసినా ముందు అంచు చూసేవాడు, తర్వాతే మిగతాది. పెళ్లికి పోయినా పెళ్లికూతుర్ని చూడకుండా ఆమె అంచు చూసి వచ్చేవాడని అత్త వెక్కిరించేది. ఆయన కొన్నది చాలా చేతులు మారిన పాత తెల్లకారు. (కంపెనీ పేరు చెప్పను. చెప్తే కంపెనీకి అవమానం.) అయినా మా వాడలోకి వచ్చిన మొదటి కారు అదే కాబట్టి, జనం దాన్ని మూడు రోజులు పసిపిల్లను చూసినట్టు చూసి పోయారు.

ఆ కారు కొన్నది నా కొంప ముంచడానికే అని నాకు వెంటనే తెలియలేదు. మామకు ఒక్కతే బిడ్డ. వనపర్తిలో ఇంటర్ చదివి వచ్చింది. ఆమె పేరు చెప్పను, ఎందుకంటే ఇది అచ్చయితే ముందు చదివేది ఆమే. మా ఇళ్లలో మేనబావకు ఇవ్వడం మామూలే కాబట్టి నా లెక్కలో ఆమె నాకే అనుకునేవాణ్ని. మామ లెక్క వేరే. నేను మగ్గం దిగినప్పుడే ఆయన మా బాపుతో తెగేసి చెప్పాడు: "కుంచె పట్టుకొని తిరిగేటోనికి నా పిల్లను ఎట్ల ఇస్త బావా? గీ పని ఇయ్యాల ఉంటది, రేపు ఉండదు. నా బిడ్డ ఏం తినాలె?" ఇప్పుడు జడ్చర్లలో సర్కారు నౌకరి చేసే అబ్బాయి సంబంధం వచ్చింది. వాళ్ల అవ్వ మంచంలో ఉంది, కదలలేదు కాబట్టి పిల్లనే తీసుకొచ్చి చూపించమన్నారు. ఇంకెవరైనా అయితే అది మర్యాద కాదని అలిగేవాళ్లు. మామ మాత్రం ఎగిరి గంతేశాడు. కారు చూపించుకునే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది.

అందుకే చూపులకు ముందు రోజు పొద్దున్నే కారును నా కొట్టు ముందర ఆపి దిగాడు. "అల్లుడా, నంబర్ రాయాలె. నువ్వే రాయాలె." నేను మామూలుగా నల్లరంగు డబ్బా తీశాను. (అప్పట్లో సొంత బండ్లకు నల్లరేకు మీద తెల్ల అక్షరాలు ఉండాలి. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు.) మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"శుభకార్యానికి పోయే బండికి ఉత్త నలుపు పూస్తవా? తెలివి ఉన్నదారా నీకు?"

"రూలు గట్లనే ఉంది మామా."

"రూల్ ఉంటె ఉండనీ. కొత్తబట్ట కట్టేటప్పుడు నాలుగు మూలలకు పసుపు పెడ్తమా లేదా? గిదిగూడ గట్లనే. మూలలకు పసుపురంగు పెట్టు. సుట్టూ మన కుంభం అంచు దింపు. ఎన్కపక్క రేకుకు కొంగు పెట్టు."

నేత ఇంట్లో పుట్టినవాడికి ఈ మాటలో తప్పేమీ కనబడదు. నిజానికి నాక్కూడా అంచు లేని ఆ నల్లరేకు మగ్గం మీంచి సగంలో కోసుకొచ్చిన గుడ్డలాగానే ఉండేది. అదీగాక, మామ నన్ను ఒక పని అడగడం అదే మొదటిసారి. నా చేతిపని చూస్తే మనసు మారకపోతుందా అని ఆశ. చాచా చెప్పింది గుర్తొచ్చింది కానీ, చాచాకు పెళ్లి కావాల్సిన మరదలు లేదు కదా అనుకున్నాను. ముందు రేకుకు చుట్టూ ఎరుపూ బంగారు రంగూ కలిపి గుడి గోపురాల్లాంటి కుంభాలు వరసగా దించాను. అంచు అందంగా రావాలంటే వెడల్పుండాలి. అంచు వెడల్పయితే నడిమి భాగం తగ్గుతుంది. నంబరు ఆ మిగిలిన జాగాలో ఇమిడి కూర్చుంది, ఆర్డినరీ బస్సులో మూడో మనిషి కూర్చున్నట్టు.

వెనక రేకు దగ్గరే నా బుద్ధి గడ్డి తిన్నది. కొంగులో పువ్వులు వేస్తుండగా, ఆమె అంతకు ముందెప్పుడో కొట్టు ముందు నుంచి పోతూ అన్న మాట గుర్తొచ్చింది. "బావా, ఊర్లోల్ల పేర్లన్నీ రాస్తవు. మా పేర్లు రాయరాదా?" అంతే అన్నది. నవ్విందో లేదో కూడా నేను చూడలేదు, భయానికి తల వంచుకొని ఉన్నాను. రేపు ఆమెను ఇంకొకరికి చూపించడానికి తీసుకుపోయే కారు మీద, మూడు పువ్వుల నడుమ, ఒక్కో పువ్వులో ఒక్కో అక్షరంగా ఆమె పేరు రాశాను. రెక్కల మధ్య దాచి రాశాను కాబట్టి ఎవరికీ తెలియదు. నాకు తెలిస్తే చాలు. ఇదంతా తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ వచ్చి చూసి, "పువ్వులు మంచిగొచ్చినయి," అని భుజం తట్టాడు. ఆయనకు కళ్లద్దాలుండేవి, జేబులో.

మర్నాడు నన్ను కూడా కారెక్కించుకున్నాడు. ప్రేమతో కాదు, కారు ఆగితే తోయాలి కదా. మామే నడిపాడు. నడపడం కొత్త, హారన్ కొట్టడం మాత్రం బాగా వచ్చింది. వెనక అత్తా, మరదలూ, వాళ్ల మధ్యన జడ్చర్లవాళ్ల కోసం చేసిన గారెలూ అరిసెలూ ఉన్న గంపా. దారిలో దుమ్ము పడి డిజైను చెడితే సరిచేయమని నా రంగు డబ్బాలు కూడా డిక్కీలో పెట్టించాడు. అడ్డాకుల దాటాక, బండ్లు తనిఖీ చేసే బ్రేకు ఇన్‌స్పెక్టర్ జీపు అడ్డంగా కనబడింది. ఆయన కోస్తావైపు మనిషి, సన్నగా, మర్యాదగా ఉన్నాడు. కారు ముందుకు వచ్చి చేతులు కట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఏవండీ, ఇది నంబర్ ప్లేటా, చీర కొంగా?"

ఇంకెవరైనా అయితే భయపడేవాళ్లు. మామ ముఖం వెలిగిపోయింది. కారు దిగి, "కొంగు గాదు సార్, అంచు ఇది. కొంగు ఎన్కపక్క ఉంది, రాండ్రి చూపిస్త," అని ఆ ఆఫీసరును తానే వెనక్కు నడిపించుకుపోయాడు. నేను ముందు సీట్లో కళ్లు మూసుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. ఇంకా కొంచెం వంగాడు. తర్వాత ఒక్కో పువ్వు దగ్గరా ఆగుతూ నా మరదలి పేరు రోడ్డు మీద అందరికీ వినబడేలా చదివాడు. "నంబరేమో కనబడట్లేదు, పేరు మాత్రం బాగానే ఉంది. ఎవరండీ ఈవిడ? బండి ఈవిడదా?"

"పేరేంది సార్, పువ్వులు గవి," అన్నాడు మామ. అని, జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఆయన చదివినంతసేపూ ఒక లారీ వెళ్లింది, ఇంకో లారీ వెళ్లింది. నన్ను దిగమన్నాడు. దిగాను.

"ఎవడు రాయమన్నడ్రా గీ పేరు?"

నిజం చెప్పాలంటే, పరుగెత్తితే ముందున్న మూసాపేట ఎంత దూరమా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు వెనక కిటికీలోంచి మాట వినబడింది. "నేనే రాయమన్న బాపూ." ఆమె మామ వైపే చూస్తూ చెప్పింది, నా వైపు చూడలేదు. అత్త గారెల గంపను ఒళ్లోకి తీసుకుంది. మామ కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకొని, మళ్లీ తీశాడు. పాపం ఇన్‌స్పెక్టరుకు కూడా ఏం చేయాలో తోచలేదు. గొంతు సవరించుకొని, "ఇంటి సంగతులు ఇంటి దగ్గర చూసుకోండి. నల్లరేకు మీద తెల్లగా నంబరు ఉండాలి, ఇంకేమీ ఉండకూడదు. అది అయ్యేదాకా బండి కదలదు," అన్నాడు.

డబ్బాలు తీసి రోడ్డు పక్కన కూర్చున్నాను. ముందు కుంభాల మీద నలుపు పూశాను. తర్వాత వెనక్కి వెళ్లి మూడు పువ్వుల మీదా పూశాను. ఆమె అద్దంలోంచి చూస్తోందని తెలుసు. మూడో అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయింది. "పూయరా, ఇంకేం చూస్తున్నవ్," అన్నాడు మామ. పూశాను. నలుపు ఆరితే గానీ తెలుపు పట్టదు, ఆయిల్ పెయింటు ఊరికే ఆరదు. సర్కారు తుమ్మ నీడన అందరం కూర్చున్నాం. చూపులకు ఇచ్చిన టైము ఎండతోపాటు నెత్తి మీదికొచ్చి దాటిపోయింది.

ఆ మధ్యలో మామ నా వైపు వీపు పెట్టి కూర్చునే అడిగాడు: "పేరైతె రాసినవు. రేపు నా బిడ్డకు ఏం పెడ్తవ్రా?" అత్త గంప విప్పి, కాగితంలో తలా రెండు గారెలు పెట్టింది. ఇన్‌స్పెక్టరుకు పెట్టింది, జీపు డ్రైవరుకు పెట్టింది, ఎవరి కాగితం ఖాళీ అయినా మళ్లీ పెట్టింది. "అత్తా, జడ్చర్లోల్లకు?" అని నేను గొణిగితే, "నువ్వు తిను బిడ్డా," అన్నది.

రంగు ఆరాక తెల్ల నంబరు రాశాను. అంచు లేదు, పువ్వు లేదు. అక్షరానికీ అక్షరానికీ ఒకే ఎడం. ఇన్‌స్పెక్టరు స్కేలు పెట్టి కొలిచి, దూరం పోయి చూసి, వెనక్కి వచ్చాడు. "ఇంత శుభ్రంగా రాసేవాడివి ఆ వేషాలెందుకయ్యా? ఈ రోడ్డు మీద రోజూ పట్టుకుంటున్నాను, మళ్లీ వాళ్లే తప్పుగా రాయించుకొస్తున్నారు. సరిగ్గా రాసేవాడు ఒక్కడుంటే వాడి దగ్గరికే పంపుదును. నీ కొట్టెక్కడ?"

నేను నోరు తెరిచేలోపు మామ లేచి నిలబడ్డాడు. "కొత్తకోట బస్టాండ్ ఎదురుంగ సార్. రేకుల డబ్బ. ఎవర్నడిగినా చెప్తరు. ఎంతమందినైనా పంపుండ్రి." తర్వాత గంపలోకి తొంగి చూశాడు. అడుగున నలిగిన అరిసె ఒకటి మిగిలింది. "గారెలు గూడ అయిపోయినయి. ఒట్టి చేతులతోని ఏం మొఖం పెట్టుకొని పోత జడ్చర్లకు? వచ్చి తొయ్యి, ఇంటికి మలుపుదాం." ఆ కారును నేను జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ తోయలేదు.

ఆ ఇన్‌స్పెక్టరు మాట నిలబెట్టుకున్నాడు. ఆయన బదిలీ అయి పోయాక వచ్చినవాళ్లు కూడా నా కొట్టుకే పంపారు. అంచులూ కొంగులూ మళ్లీ ముట్టలేదు. ఎంత బతిమాలినా రూలు దాటి గీత గీయలేదు. చాన్నాళ్లు అదే ఆమెకూ నాకూ అన్నం పెట్టింది. తర్వాత మిషను రేకులొచ్చాయి, కుంచెలు అటకెక్కాయి, జుట్టు తెల్లబడింది.

మొన్న ఇంటికి కొత్త గేటు పెట్టించాం. దాని మీద ఇంటి పేరు రాయమని ఆమె అంటే, ఇంటి పేరు వద్దు నీ పేరే రాస్తానన్నాను. నీ ఇష్టం అన్నది. ఇక్కడ ఇన్‌స్పెక్టరు లేడు, రూలు లేదు, ఎన్ని పువ్వులైనా పెట్టుకోవచ్చు. పొద్దంతా కూర్చొని రాసి, లేచి దూరం జరిగి చూశాను. నల్లటి చదరం, దాని నడుమ మూడు తెల్లటి అక్షరాలు, ఒకే ఎత్తు, ఒకే ఎడం. ఆమె వచ్చి నడుం మీద చేయి పెట్టుకొని చూసింది.

"ఇంటికి పేరు రాయమంటె లారీకి నంబర్ రాసినట్టు రాసినవ్ గదా."

"చెయ్యి గట్లనే పోయింది. మళ్ల పూసి పువ్వులు పెడ్త."

"వద్దు. మళ్లొకసారి నా పేరు మీద నలుపు పూస్తవా? గట్లనే ఉండనీ."

సందు చివరికి పోయి వెనక్కి తిరిగి చూశాను. అక్కడినుంచి కూడా చదవవచ్చు. ఆ పేరును పువ్వుల్లో దాచి రాసి ముందు సీట్లో కళ్లు మూసుకున్న కుర్రాడు ఇది చూస్తే భయంతో చచ్చేవాడే, అనుకొని నాలో నేను నవ్వుకుంటూ ఇంట్లోకి వచ్చాను.