చెడిపోని సముద్రపు రీలు

నిరుడు ఎండాకాలం, నాకు డెబ్బై ఏళ్లు దాటాక జరిగిన సంగతి ఇది. విశాఖలో పనిచేసే మా అల్లుడు సముద్రంలో చేపలు పట్టే గాలపు కర్రకు బిగించి దారం చుట్టే రీలు కొనిచ్చాడు. ఉప్పునీళ్లలోనూ తుప్పు పట్టదట, దాని దారం ఎంత లాగినా తెగదట. కోదాడ దగ్గరి మా చెరువుకు దాన్ని పట్టుకెళ్లాను. పెద్ద చేప పడితే కర్రతో సహా లాక్కుపోతుందని, గాలపు కర్రను తువ్వాలతో నడుముకు కట్టుకున్నాను. దారం వదలకుండా రీలు మర బిర్రుగా బిగించాను.

గాలం వేయగానే మొసలంత చేప పడింది! నన్ను చెరువులోకి ఈడ్చుకుపోయింది.

చేప కాదు లెండి. నీళ్లలో పడుకున్న బర్రె మెడతాడుకు గాలం తగులుకుంది. అది లేచి అవతలి ఒడ్డుకు నడక పట్టింది. నా కాళ్లు బురదలో దిగబడ్డాయి. తడిసిన తువ్వాల ముడి ఊడిరాలేదు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి.

బర్రెను మేపే యాదమ్మ అవతలి గట్టు మీద నుంచి అరిచింది.

"ఓ తాతా, జర దారం తెంపరాదు!"

"తెగుతలేదు బిడ్డా! సముద్రపుది!"

"గట్లని గాడనే మునుగుతవా? లచ్చీ, ఆగే!"

ఆమె గొంతు విని బర్రె ఆగింది. యాదమ్మ నీళ్లలోకి దిగి కొడవలితో తువ్వాలను కోసింది.

"పెద్ద చేపనే పట్టినవ్ గదా! కూర వండుకుంటవా తాతా?"

బర్రె వెంటే ఒడ్డుకొచ్చిన రీలును తిప్పి చూశాను. మెత్తగా తిరిగింది. వస్తువు గట్టిగా ఉండాలని జీవితమంతా కోరుకున్న నేను, ఆ నీళ్లలో మాత్రం అది విరిగిపోవాలని మొక్కని దేవుడు లేడు.