అత్తమ్మ పథ్యం, చేప నూనె

మృగశిర కార్తె మొదలైన రోజును మా వైపు మిరుగు అంటారు. ఆ రోజు ఇంట్లో చేపలు వండకపోతే వాన రాదేమో అన్నంత పట్టింపు. నకిరేకల్ అంగట్లో పొద్దున్నే చేపల కోసం జనం ఒకరి మీద ఒకరు పడతారు. తెలంగాణ వచ్చాక సర్కారు చెరువుల్లో చేపపిల్లలను వదులుతుండటంతో మా ఊళ్లోనే బొచ్చె, రవ్వ చేపలు దొరుకుతున్నాయి. అలాంటి మిరుగు నాడు కూడా నాకు మాత్రం పప్పుచారు పోసేవారు.

నేను ఇంట్లోనే బ్లౌజులు కుట్టేదాన్ని. ఒక చలికాలం చేతివేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేస్తే పిడికిలి బిగిసేది కాదు, సూదిలో దారం ఎక్కేది కాదు. నల్లగొండ దవాఖానలో కీళ్లవాతం అన్నారు. ఒంటిని కాపాడాల్సిన కణాలే కీళ్ల మీద పడి వాపు తెస్తాయట. మందులు రాశారు. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పిన రోజు ఏడ్చాను. ఆ పని తప్ప నాకింకో పని రాదు, ఇంకోదాని మీద ఇష్టమూ లేదు.

మందులు దవాఖానవాళ్లవి, పథ్యం మా అత్తమ్మది. వంకాయ, చామగడ్డ, చేప అన్నీ బంద్. "వాపు మీద చేప తింటే చీము పడ్తది బిడ్డా. జర ఓపిక పట్టు," అనేది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నొప్పి ఎలాగూ తప్పలేదు, నోరు కూడా కట్టుకోవాలా అని గొణిగేదాన్ని. ఆమె విననట్టే నాకు జడ వేసి, కంచంలో అన్నం కలిపి పెట్టి వెళ్లేది. వంగని వేళ్లతో ఆ రెండూ నేను చేసుకోలేకపోయేదాన్ని.

ఒకసారి చూపించుకోవడానికి వెళ్తే అత్తమ్మ కూడా వెంట వచ్చింది. డాక్టరమ్మ పాత మందులతో పాటు చేప నూనె గోలీలు రాసింది. అత్తమ్మ ముఖం చిన్నబోయింది.

"చేప నూనెనా మేడం? వాపు మీద చేప తినొద్దంటరు గద."

డాక్టరమ్మ విసుక్కోలేదు. కాగితం మీద ఒక గుండ్రం గీసింది. ఇది కణం, దీని చుట్టూ ఉన్న పొరలో కొవ్వు ఉంటుంది, మనం తినే కొవ్వే కొంత అందులో చేరుతుంది అంది. వాపు రావాలని కణం కబురు పంపేటప్పుడు ఆ పొరలోని కొవ్వునే తీసి వాడుకుంటుందట. మామూలుగా అక్కడుండే కొవ్వుతో ఆ కబురు ఘాటుగా పోతుంది. చేప కొవ్వు అక్కడ కొంత జాగా పట్టుకుంటే కబురు మెత్తబడుతుంది. వాపు ఇక చాలని చెప్పే పదార్థాలు కూడా దాని నుంచే తయారవుతాయి.

"కాకపోతే నెలలు పడ్తది. అందరికీ ఒక్కతీరుగ పనిచెయ్యదు. అసలు మందు బంద్ పెట్టి దీన్నే నమ్ముకోవద్దు. సముద్రపు చేపలల్ల ఉన్నంత కొవ్వు మన చెరువు చేపలల్ల ఉండదు, అయినా నిమ్మలంగ తినొచ్చు," అంది.

అత్తమ్మ ఆ గుండ్రాన్ని చాలాసేపు చూసింది.

"అయితే నేను గూడ తినొచ్చా మేడం?"

"నీకేమైంది పెద్దమ్మా?"

"నాకేం గాలె. పిల్ల తినకుంటె నాకెట్ల మింగుడు పడ్తది? నేను గూడ బంద్ పెట్టిన."

నేను ఆమె వైపు తిరిగాను. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి. మిరుగు నాడు అందరికీ వడ్డించి చివర్న వంటింట్లో ఒక్కతే తినేది, ఆ కంచంలో ఏముందో ఎవరం చూడలేదు. డాక్టరమ్మ ముందే నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

వాపు నెమ్మదిగానే తగ్గింది. అసలు మందుల వల్లనా, నూనె వల్లనా అంటే విడదీసి చెప్పలేనని డాక్టరమ్మే అంది. నాకైతే రెండింటి పట్లా కృతజ్ఞతే, అత్తమ్మ పట్ల అన్నిటికన్నా ఎక్కువ. మిషన్ మీది గుడ్డ తీశాను. మునుపటి జోరు లేదు కానీ హుక్కులు కుట్టగలుగుతున్నాను.

ఆ ఏడు మిరుగుకు అత్తమ్మ మామిడికాయ వేసి రవ్వ పులుసు పెట్టింది. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అలవాటుగా అన్నం కలిపేందుకు నా కంచం తన వైపు లాక్కోబోయింది. నేను ఆపి, ఆమె కంచంలోని ముక్కను విప్పి, సన్న ముళ్లను ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాను. ఆమె తినకుండా నా వేళ్లనే చూస్తూ కూర్చుంది.

"తిను అత్తమ్మా, సల్లగైతది," అన్నాను.

"తింట గని, ఇంకో ముక్కల ముండ్లు గూడ తియ్యి బిడ్డా. చూస్త."