ఒలిచిన విత్తనాలు, మహదేవపుర వాన

గత సంవత్సరం జూన్ తొమ్మిదవ తేదీ, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు నాయన ఫోన్ చేశాడు. నేను సిటీలో, మహదేవపురలోని నా గదిలో ఆఫీసుకు తయారవుతున్నాను.

"మ్మా, మృగశిర వచ్చి రెండు దినాలాయ. మబ్బు జాడే లేదు. నీ ఫోన్లో వాన యెప్పుడుండాదో చూసి చెప్పు."

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. కోలారు వైపున్న మా ఊళ్ళో నాయన కార్తెలను నమ్మి వేరుశనగ వేసేవాడు. కొన్నేళ్ళుగా ఆ లెక్క తప్పుతోంది. కార్తె వస్తుంది, వాన రాదు. వచ్చిననాడు నెల వానంతా గంటలో కురిసి చేలో మట్టిని కోసుకుపోతుంది. అందుకే ఆయన నన్ను అడగడం మొదలుపెట్టాడు. ఆ నమ్మకం నాకు డిగ్రీ పట్టా కంటే గొప్పగా అనిపించేది.

ఫోన్ చూసి, "గురువారం పెద్ద వాన నాయనా, తప్పకుండా పడుతుంది" అన్నాను.

ఆ మాట బరువు నాకు తెలిసి ఉండవలసింది. విత్తనానికి దాచిన కాయలను మావాళ్ళు వాన ఖాయమని తేలేదాకా ఒలవరు. కాయలో ఉన్నంతకాలం గింజ భద్రంగా ఉంటుంది. ఒలిచాక మొలకెత్తే సత్తువ రోజురోజుకూ తగ్గుతుంది. ఆ ఏటి పంట మొత్తం ఇంట్లో ఉన్న మూడు మూటల మీదే ఆధారపడి ఉంది. నా మాట మీద అమ్మ పక్కింటి ఆడవాళ్ళను పిలిచి రెండు రోజుల్లో మూడు మూటలూ ఒలిపించింది.

గురువారం సాయంత్రం మహదేవపురలో కుండపోతగా కురిసింది. రింగు రోడ్డు మీద బస్సులు నీళ్ళలో నిలిచిపోయాయి. తడిసిన బట్టలతోనే సంతోషంగా ఫోన్ చేశాను.

"నాయనా, చేను విత్తేంత పదునైందా?"

"పదునా? ఈడ కోళ్ళు దుమ్ములో పొర్లాడతా ఉండాయి మ్మా."

అప్పుడు ఫోన్‌లో పై వరుస చదివాను. మా ఊరి పేరు ఉండవలసిన చోట మహదేవపుర అని ఉంది. నేను చెప్పింది నా కిటికీ బయటి వాన గురించి.

శనివారం ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. కాయలు ఒలిచిన పక్కింటి పెద్దమ్మ అరుగు మీది నుంచే అందుకుంది.

"యేం పాపా, వానకి బస్సు టికెట్టు తీసిచ్చింటే వచ్చేది గదా!"

"ఊరుకో అక్కా. వాన పడిందా లేదా? నా బిడ్డ చూసింది నిజమే. ఊరొకటే తప్పింది" అంది అమ్మ.

నాయన నా వైపు చూసి నవ్వాడు. "కార్తెలే దారి తప్పుతా ఉండాయి. ఫోను తప్పితే యేముందిలే."

ఆ తర్వాత ఎదురుచూపు మొదలైంది. అమ్మ వారానికొకసారి పది గింజలను తడిగుడ్డలో మూటగట్టి, నాలుగో రోజు విప్పి చూసేది. మొదటిసారి తొమ్మిది మొలిచాయని ఫోన్‌లో చెప్పింది. తరువాత ఎనిమిది. మూడోసారి, "ఆరే మ్మా" అంది. "నువ్వు తిన్యావా?" అని వెంటనే మాట మార్చింది.

ఆరుద్ర చివరలో మా ఊళ్ళో వాన పడింది. నేను సెలవు పెట్టి వెళ్ళాను. మొలవని గింజలకు బదులుగా నాయన విత్తనం ఒత్తుగా వేయించాడు. అందువల్ల సగం చేనుకే సరిపోయింది. నాగలి వెనుక సాలులో గింజలు వదులుతూ నడిచాను. మిగిలిన సగంలో ఉలవలు చల్లాం. ఆ ఏడు వేరుశనగ సగమే ఇంటికి వచ్చింది.

ఇప్పుడు నా ఫోన్‌లో మా ఊరి పేరే ముందుంటుంది. వాన సూచన ఉంటే చెబుతాను. నా మాట మీద అమ్మ ఒక మూట మాత్రమే ఒలుస్తుంది. మిగిలిన రెండు మూటలను, నాయన చేలో మట్టిని పిడికిట పట్టి పదును చూసి వచ్చాకే విప్పుతుంది.