పండు దారిన పోయేవారిది

మా ఉద్దానంలో జీడితోటకి ఒక మర్యాద ఉంది. దారిన పోయేవాళ్ళు ఎవరి తోటలోనైనా ఒక జీడిపండు కోసుకుని తినొచ్చు. కింద వేలాడే పిక్కని మాత్రం మెలిపెట్టి తీసి, ఆ చెట్టు మొదట్లోనే పెట్టి పోవాలి. పండు దారిన పోయేవారిది, పిక్క చెట్టుగలవారిది. పండు ఎలాగూ పూట దాటితే పులిసిపోతుంది, నాలుగు డబ్బులొచ్చేది పిక్కకే. దీనికి కాపలా ఎవరూ కాయరు. పిక్క జేబులో వేసుకుపోయేవాడికి మా ఊళ్ళో పిల్లనివ్వరని నాన్న వేళాకోళమాడేవాడు.

మా తోట పలాస రోడ్డు పక్కనే. పొద్దున్నే జీడి ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళు ఆటో కోసం మా చెట్ల కింద నిలబడేవారు. వాళ్ళలో మా మేనత్త ఒకతె. నాన్నకి చెల్లెలు, భర్త పోయాక మా ఇంటికే వచ్చేసింది. ఆటో వచ్చేలోగా అందరూ తలో పండూ తినేవారు. సాయంత్రం అమ్మ బుట్ట పట్టుకుని, ప్రతి చెట్టు మొదట్లోనూ వాళ్ళు పెట్టి వెళ్ళిన పిక్కలు ఏరుకొచ్చేది.

ఫ్యాక్టరీలో మేనత్త పని పిక్క కొట్టి పప్పు తీయడం. పిక్క పగిలితే కారే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఆముదం రాసుకున్నా సాయంత్రానికి వేళ్ళు నల్లబడి మండిపోయేవి, పులుసన్నంలో చెయ్యి పెట్టలేకపోయేది. అందుకని అమ్మే కలిపి ముద్దలు చేసి ఆమె నోట్లో పెట్టేది. పెడుతూ ఊరుకునేదా!

"నోరు తెరవే. కబుర్లకి తెరుత్తావు గానీ, కూటికి తెరవ్వేటి?"

"కారం దంచి పోసినావు వదినా, ఎలా తెరుత్తాను?"

"వేళ్ళతో పాటు నాలికా కాలిపోయిందేటి నీకు?"

ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకోకుండా ఒక్క పూటైనా తిన్నట్టు నాకు గుర్తులేదు. నాన్న చనిపోయిన ఏడు కూడా ఆ ముద్దల వల్లే ఇద్దరూ అన్నం తిన్నారని నేననుకుంటాను.

తర్వాత ఓడల్లో ఆఫ్రికా పిక్కలు రావడం మొదలైంది. విశాఖ రేవులో దిగి, లారీలెక్కి పలాస వచ్చేవి. మొదట్లో మా ఇంట్లో పండగే. అంతకు ముందు కాపు అయిపోతే మేనత్తకి పనుండేది కాదు, ఇప్పుడు ఏడాది పొడుగునా పనే. పైటకొంగులో దాచి ఒక పరాయి పిక్క తెచ్చి అమ్మకి చూపించింది కూడా. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "మన పిక్కకి బావమరిదిలాగున్నాడే," అంది.

ఆ బావమరిదే ఇంట్లో తిష్ఠ వేశాడు. రెండు కాపులు తిరక్కుండానే మా పిక్కకి బేరం పడిపోయింది. షావుకారు బస్తాలో చెయ్యి పెట్టి చూసి, "పిక్క మంచిదేనమ్మా. దరే నా సేతిలో నేదు, ఓడలో ఉంది," అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. తిట్టుకోవడానికి కూడా ఎదురుగా మనిషి లేకుండా చేశారు. ప్రపంచమంతా ఒక్క ఊరైపోయిందని టీవీలో ఎవరో గొప్పగా చెబుతుంటే, మరి ఆ ఊరి మర్యాదేదీ అని అడగాలనిపిస్తుంది.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం మేనత్త ముద్దకి నోరు తెరవలేదు.

"వదినా, నాను ఆ ఓడ పిక్క కొట్టబట్టే కదా నీ పిక్క ఎవులూ కొనట్నేదు?"

అమ్మకి నిజంగానే కోపం వచ్చింది. "నువ్వు కొట్టకపోతే ఇంకొకర్తి కొడతాది. నీ కూడు నాకు బరువైందని నానెప్పుడైనా అన్నానేటే? నోరు తెరు."

అంతకంటే ఓదార్పు మాట అమ్మకి రాదు. మేనత్తకి అది చాలు.

ఆ కూడు కూడా నిలవలేదు. వేరే దేశాల పప్పు చవకట, ఇక్కడ మనుషులతో కొట్టిస్తే గిట్టదట. ఫ్యాక్టరీలోకి మిషన్లొచ్చాయి. సగంమంది ఆడవాళ్ళని ఇంటికి పొమ్మన్నారు, వాళ్ళలో మేనత్త కూడా ఉంది. కాలిన వేళ్ళు మెల్లగా మానడం మొదలుపెట్టాయి. అవి మానుతుంటే సంతోషించడానికి మాకెవరికీ మనసు రాలేదు.

ఇంట్లో ఇద్దరు మనుషులు, వసారాలో అమ్ముడుపోని బస్తాలు. సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ గోదాముల కోసం రోడ్డు పక్క తోటలు కొనడం మొదలుపెట్టింది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఇచ్చేశారు. నేను తోట అమ్మొద్దన్నాను. టెక్కలిలో ఉద్యోగం చేసుకుంటూ ఫ్యాను కింద కూర్చుని అమ్మొద్దనడం తేలికే మరి. అమ్మ సంతకం పెట్టేసింది. ఒక్కటే అడిగింది: ఈ కాపు అయ్యేదాకా చెట్లు కొట్టొద్దని. చెట్లు పడగొట్టే మిషన్ అద్దెకి మాట్లాడేశాం, కుదరదని కంపెనీవాళ్ళు చెప్పి పంపారు.

చెట్లు పడగొట్టే రోజు నేను వెళ్ళాను. ఎండ ఇంకా ఎక్కలేదు. తోట నిండా పండు ఉంది, ఎర్రవీ పచ్చవీ. రోడ్డు మీద మిషన్ ఆగి ఉంది, డ్రైవరు దాని నీడలో టీ తాగుతున్నాడు. అమ్మ అలవాటుగా బుట్ట పట్టుకుని ముందు నడిచింది, వెనక మేనత్తా నేనూ.

మొదటి చెట్టు దగ్గరే అమ్మ ఆగిపోయింది. మొదట్లో పిక్కలున్నాయి. పని మిగిలిన ఆడవాళ్ళు ఆ పొద్దున కూడా ఆటో కోసం నిలబడి, పండు తిని, పిక్కలు పెట్టి వెళ్ళిపోయారు. ఆ పక్క చెట్టు కిందా ఉన్నాయి. తోట చేతులు మారిందని ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ ఒక్క పిక్కైనా పట్టుకుపోలేదు.

అమ్మ వంగింది. చెయ్యి చాపింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"తియ్యి వదినా," అంది మేనత్త. "ఆ మిషను తొక్కీడానికేటి?"

"పిక్క సెట్టుగలోల్దే. మనం అమ్మీసినాం కదే."

"ఆ కంపెనీవోలకి పిక్కంటే ఏటో తెలుసేటి?"

"ఆలకి తెల్దు. మనకి తెల్దేటి?"

ఖాళీ బుట్టని నాకిచ్చింది. కొమ్మ వంచి ఒక పండు కోసింది. మా అమ్మ తన తోటలో నిలబడి పండు తినడం నేనెప్పుడూ చూడలేదు, ఆవిడకెప్పుడూ పిక్కల ధ్యాసే. ఆ రోజు నెమ్మదిగా తింది, రసం మోచేతి దాకా కారింది. తిన్నాక పిక్కని మెలిపెట్టి తీసి, చెట్టు మొదట్లో, మిగతావాటి పక్కన పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని రోడ్డెక్కేసింది. నాకు దుఃఖం ఆగలేదు, బుట్ట మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం దాకా మిషన్ చప్పుడు ఇంట్లోకి వినబడుతూనే ఉంది. అమ్మ కంచం ముందు కూర్చుంది గానీ చెయ్యి పెట్టలేదు. మేనత్త ఆ కంచం తనవైపు లాక్కుంది. మచ్చలు మిగిలిన వేళ్ళతో పులుసన్నం కలిపి, ముద్ద చేసి అమ్మ నోటి దగ్గర పెట్టింది.

"నోరు తెరు వదినా."

అమ్మ ఆ వేళ్ళని పట్టుకుని చాలాసేపు చూసింది.

"మండట్నేదేటే?" అని అడిగింది.

"నేదు వదినా. మానిపోనాయి."

అప్పుడు అమ్మ నోరు తెరిచింది.