తోడుకు ఉంచిన గరిటెడు

కొవిడ్ సద్దుమణిగాక వచ్చిన మొదటి మామిడి సీజన్‌లో, మే నెల మొదట్లో, నన్ను డిప్యుటేషన్ మీద రేపల్లెకు వేశారు. అప్పటికి నేను బాపట్లలో ఒక ఆహార ల్యాబ్‌లో సీనియర్ టెక్నాలజిస్టును. కాపురం తెనాలిలో. రోజూ పొద్దున్నే రేపల్లె ప్యాసింజర్ ఎక్కేదాన్ని.

అక్కడ మహిళా సంఘం నడిపే మామిడి గుజ్జు యూనిట్ ఉంది. మిగిలిన తొక్కలతో ప్రోబయోటిక్ పానీయం, అంటే పేగులకు మేలు చేసే బాక్టీరియాతో పులియబెట్టిన పానీయం, చేయించడం నా పని. తొక్కల కంపు భరించలేక వీధివాళ్లు ఫిర్యాదు చేశారు. నెలాఖరులోగా దారి చూపకపోతే యూనిట్‌కు తాళమేనని నోటీసు వచ్చింది. "ఇది మూతపడితే మా పన్నెండు మందికీ పని ఉండదండి" అని సంఘం నాయకురాలు సుగుణమ్మ మొదటిరోజే చెప్పింది.

తొక్కలు కడిగి, బెల్లం వేసి మరిగించి, వడగట్టి, రసం గోరువెచ్చన అయ్యాక కల్చర్ కలపాలి. కల్చర్ అంటే పెరుగుకు తోడు లాంటిదే. ఐదు లీటర్ల ట్రయల్ అద్భుతంగా కుదిరింది. రుచి చూసి, నా హోదా మరిచి చప్పట్లు కొట్టాను. ఆ ఊపులోనే యాభై లీటర్లకు దూకాను. ఉన్న కల్చరంతా చుక్క మిగల్చకుండా వంపేశాను.

రెండో రోజు మూత తీస్తే గుప్పున సారా వాసన! మూత సరిగా బిగించలేదు. గాలిలోని ఈస్ట్ చొరబడింది. ఆ తప్పూ నాదే. అంతా పారబోశాం. కొత్త కల్చర్ రావడానికి పదిహేను రోజులు పడుతుంది. నోటీసిచ్చిన అధికారి వారంలో వస్తారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సుగుణమ్మ ఇంటికెళ్లి చిన్న స్టీలు డబ్బా తెచ్చింది. మొదటి ట్రయల్‌లోంచి గరిటెడు తీసి, కాచి చల్లార్చిన తొక్కల రసంలో వేసి ఫ్రిజ్‌లో పెట్టిందట.

"తోడుకు ఉంచకుండా గిన్నె కడగం కదండీ. మీ ఇంట్లో కడిగేస్తారా ఏంటి, మేడమ్?"

ముప్పై ఏళ్లుగా ఇంట్లో పెరుగు తోడుపెడుతున్నదాన్ని. తెల్లకోటు తొడగ్గానే అదంతా మరిచాను. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

పరీక్షించని కల్చర్ వాడకూడదన్నది నియమం. బాపట్ల ల్యాబ్‌కు పరుగెత్తి, అందులో ఏ సూక్ష్మజీవులున్నాయో తేల్చడానికి ఓ చుక్కను పోషకాల ప్లేటు మీద పెంచాను. రెండు రోజులకు చూస్తే కల్తీ లేదు, అంతా మన బాక్టీరియానే! ఎగిరి గంతేసినంత పని చేశాను. ఫోన్‌లో చెబితే అవతల పన్నెండు మందీ ఒక్కసారే కేకేశారు. ఆ గరిటెడుతో ముందు ఐదు లీటర్లు, దాంతో మళ్లీ యాభై లీటర్లు పులియబెట్టాం.

అధికారి వచ్చేసరికి తొక్కల గుట్ట లేదు, కడిగిన నేల ఉంది. ఆయన ఒక గ్లాసు తాగి, మరొకటి అడిగారు. నోటీసు వెనక్కి తీసుకున్నారు.

పరిమాణం పెంచేముందు కొంత పక్కన తీసిపెట్టాలని ఆ వారం నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా నేను రాసిన ప్రతి విధానపత్రంలో మొదటి వాక్యం ఒకటే: "వాడే ముందు తోడుకు తీసి ఉంచాలి." తోడు అన్నచోట శాస్త్రీయ పదం వేయమని పైఅధికారులు రెండుసార్లు తిప్పి పంపారు. నేను మార్చలేదు.