దూదికి వచ్చిన సిగ్గు

ప్రయోగశాలలో ఆమెను అందరూ దూదక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా ఆమె పని ఒక్కటే: నగల్లోంచి నికెల్ ఊరుతోందో లేదో తేల్చడం. పరీక్ష ద్రావణంలో తడిపిన దూదితో కమ్మను అరనిమిషం రుద్దుతుంది. దూది గులాబీ రంగుకు తిరిగిందా, ఆ కమ్మ ఎవరి చెవికో దురదా పొక్కులూ తెచ్చిపెట్టేదే. తెల్లగా మిగిలితే రెండో పరీక్షకు, అంటే కృత్రిమ చెమటలో వారంపాటు నానడానికి వెళుతుంది.

పదహారో ఏట తళుకుల కమ్మలు పెట్టుకుని, చెవులు చేటలంతై పదిరోజులు ముఖం చాటేసిన మనిషి కాబట్టి, ఆమెకు ఈ పనిమీద మమకారం ఎక్కువ. ఇంట్లో కూడా చెయ్యి ఊరుకోదు. అత్తగారి కళ్లజోడు మొదలు ఆడపడుచు గడియారం దాకా అన్నిటినీ రుద్ది చూసింది.

“మా కోడలికి చెయ్యందిస్తే, ముందు వేలికున్న ఉంగరం సంగతి తేలుస్తుంది” అని అత్తగారు మురిపెంగా వెక్కిరిస్తారు.

ఒక సోమవారం, పక్కవీధి కమ్మల మేస్త్రి మూడు జతల నమూనాలు తెచ్చాడు. ఇంటి దగ్గర అలాంటివే మరో రెండువేల జతలు సిద్ధంగా ఉన్నాయి. పెద్ద దుకాణం ఆయన్ని నమ్మి ఇచ్చిన మొదటి పని అది. దూదక్క పట్టకారుతో దూది పట్టుకుని మూడింటినీ రుద్దింది. మూడు దూదులూ గులాబీ రంగుకు తిరిగాయి.

“తప్పాయి మేస్త్రిగారూ.”

“తప్పడమేంటమ్మా! లోహం నా చేత్తో కలిపాను. నికెల్ మా గడప తొక్కలేదు.”

“తొక్కకపోతే దూదికి ఈ సిగ్గెందుకొచ్చింది?”

మేస్త్రి నవ్వలేకపోయాడు. “తప్పిన సరుకు నా కప్పు కింద ఒక్క పూట ఉండదు తల్లీ. వెళ్లి కరిగించేస్తాను” అని విసవిసా వెళ్లిపోయాడు.

ఆమె నివేదిక రాసి మేనేజరు బల్లమీద పెట్టి వచ్చింది. వాడిన దూదుల్ని అట్టకు అంటించడం ఆమె అలవాటు. మూడోది అంటిస్తూ ఆగిపోయింది. కమ్మను రుద్దిన కొన తెల్లగానే ఉంది. రంగు వచ్చింది నడుము దగ్గర, పట్టకారు బిగించిన చోట. ఆ పట్టకారు నిన్న సాయంత్రం తనే మెరుపు చూసి కొన్నది. కమ్మ జోలికి పోకుండా, కొత్త దూదిని దానితో పట్టి అరనిమిషం చూసింది. గులాబీ!

ఆమె మేనేజరు గదిలోకి దూసుకెళ్లింది.

“సార్, ఆ కాగితం ఆపండి. నికెల్ కమ్మల్లో లేదు, నా చేతిలో ఉంది. తప్పు నాదేనని వచ్చి రాస్తాను.”

ద్రావణం సీసా, దూది, ఆ పట్టకారు కోటు జేబులో కుక్కుకుని, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పక్కవీధికి పరుగెత్తింది. అప్పటికే కొలిమి ఎర్రగా రాజుకుంది. మేస్త్రి కమ్మల డబ్బా ఎత్తి మూసలోకి వంచబోతున్నాడు.

“ఆగండి! తప్పిందీ నేనే, తప్పించిందీ నేనే!”

పుల్లకు చుట్టిన దూదితో డబ్బాలోని ఒక జతను అక్కడే రుద్దింది. మేస్త్రి భార్య బిగ్గరగా ముప్పై దాకా లెక్కపెట్టింది. దూది మల్లెపువ్వులా తెల్లగా ఉంది. మరో నాలుగు జతలూ అంతే.

“క్షమించండి మేస్త్రిగారూ. ఇక చెమట పరీక్ష ఒక్కటే మిగిలింది.”

“అదెంతలే, నాకు ఇప్పుడే పట్టింది” అంటూ ఆయన నుదురు తుడుచుకున్నాడు. “ఆ పట్టకారు ఇటివ్వమ్మా. బొగ్గు ఊరికే కాలుతోంది, దాన్నైనా కరిగిద్దాం.”

“అస్సలు ఇవ్వను. నివేదికకు అదే సాక్షి” అంది దూదక్క, జేబుమీద చెయ్యి గట్టిగా అదిమిపెట్టి.